తెంపా మామ ఆఖరి ట్రిప్పు

మా అమ్మకి నోరెక్కువ. పారో లోయలో ఇది అందరూ ఎరిగిన సంగతే. వరికోతలప్పుడు మా పొలంలోంచి ఒక్క కేక పెడితే అవతల కోటలో జపం చేసుకునే భిక్షువులు ఉలిక్కిపడతారని ఊళ్ళో వేళాకోళమాడతారు. అలాంటి మనిషి ఆ ఏడు శరత్కాలంలో, తీరా అడగాల్సిన ఒక్క మాట దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను గైడుని. పేరు లెకీ, ఆవిడ కూతుర్ని. పారోలో విమానం దిగినవాళ్ళని పునాఖా, త్రోంగ్సా మీదుగా బుమ్‌థాంగ్ దాకా తిప్పి, దారి పొడవునా గుళ్ళూ ఆరామాలూ కోటలూ చూపించి పంపడం నా పని. బండి నడిపేది తెంపా మామ. సొంత మామ కాదు. తూర్పు కొసన ఎక్కడో ఆయన ఊరు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. నేను ఈ పనిలో చేరిన నాటి నుంచీ ముందు సీట్లో నా పక్కన ఆయనే. వంపుల్లో కళ్ళు తిరిగి నేను వాంతి చేసుకుంటే బండి ఆపి వీపు రాసిన మనిషి.

ప్రతి ట్రిప్పులోనూ మొదటిరోజు భోజనం మా ఇంట్లోనే. వచ్చినవాళ్ళకి రైతు ఇల్లు చూడాలని ఉంటుంది. అమ్మకి వండిపెట్టాలని ఉంటుంది. అతిథులు పెద్ద గదిలో చాపల మీద కూర్చుని ఎర్రబియ్యం అన్నంలో మిరపకాయల కూర కలుపుకుని కళ్ళు తుడుచుకుంటూ తింటారు. తెంపా మామ మాత్రం వంటింట్లో, పొయ్యి పక్కన. వాళ్ళిద్దరూ అక్కడేం మాట్లాడుకునేవారో నేనెప్పుడూ పట్టించుకోలేదు. నాన్న పోయాక అమ్మతో కూర్చుని మాట్లాడే మనిషొకడు దొరికాడు, మంచిదే అనుకున్నానంతే.

ఆ సెప్టెంబరులో పట్టించుకోవాల్సి వచ్చింది. సీజన్ మొదటి ట్రిప్పు. అతిథుల్ని తీసుకుని ఇంటికొచ్చేసరికి అమ్మ పండగలకి మాత్రమే పెట్టె తీసి కట్టే కిరా కట్టుకుని, ఆ బట్టల్లోనే మిరపకాయలు తరుగుతోంది.

"ఏంటీ వేషం?" అన్నాను.

"మిగతావి ఉతికాను."

"అన్నీనా?"

"నీ పని చూసుకో. వాళ్ళకి నీళ్ళివ్వు ముందు."

తెంపా మామ తలుపు దగ్గర బూట్లు విప్పుతూ తల వంచుకుని నవ్వుకుంటున్నాడు. ఓహో, ఇదా కథ అనుకున్నాను. నాకు సంతోషమే. మా దగ్గర ఇల్లు ఆడవాళ్ళది. పొలమూ వాళ్ళదే. మగవాడే ఇష్టపడి వస్తాడు, వచ్చి గొడ్డలి పట్టుకుని కట్టెలు కొడతాడు, అదే పెళ్ళి. నేను నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాను. అమ్మ అంత పెద్ద ఇంట్లో ఒక్కతే కూర్చుని రేడియోతో పోట్లాడుతూ ఉంటుంది. ఆ రేడియో స్థానంలో తెంపా మామ వస్తే నాకన్నా సంతోషించేదెవరు?

అక్టోబరంతా అదే వరస. ఒక ట్రిప్పులో మామ మా కప్పు మీది పలకలు సరిచేశాడు. ఇంకో ట్రిప్పులో అమ్మ తమలపాకులకి సున్నం రాస్తూ, "మీకు నోరు పూసింది కదా, తక్కువ రాశాను," అంది. ఆయన నోరు పూసినట్టు పక్కనే కూర్చునే నాకు తెలియదు! మా అతిథులు పెద్ద గదిలోంచి "ఇంకాస్త అన్నం" అని పిలుస్తుంటే వంటింట్లో ఎవరికీ వినిపించేది కాదు.

ఆ నెలాఖరులో మామ బాంబు పేల్చాడు. పొయ్యి ముందు చేతులు కాచుకుంటూ, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

"ఈ సీజనే ఆఖరు నాకు. కళ్ళు ఇదివరకటిలా లేవు. మంచులో దారి కనబడట్లేదు. నవంబరు ట్రిప్పు బుమ్‌థాంగ్‌లో దించేసి అట్నుంచటే మా ఊరు పోతాను."

అమ్మ గరిటె ఆపింది. ఆయన ఊరు మూడు రోజుల దారి. పోతే మళ్ళీ రాడు. రావడానికి పనేముంది? నేను గుమ్మంలో నీళ్ళ జగ్గుతో అలాగే నిలబడిపోయాను.

"చలికాలం ఇక్కడే ఉండిపోరాదూ?" అంది అమ్మ కూరగిన్నెలోకి చూస్తూ. "ధాన్యపు కొట్టు పక్క గది ఖాళీగానే ఉంది."

మామ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అబ్బే, వద్దండీ వద్దు."

"కట్టెలు కొట్టే దిక్కు లేదు. మీకూ బాగుంటుంది."

"వద్దులెండి. మీకెందుకు శ్రమ."

మా దగ్గర ఎవరైనా అన్నం పెట్టబోతే ఇలాగే నోటికి చెయ్యడ్డం పెట్టి వద్దు వద్దనాలి. ఆకలితో ప్రాణం పోతున్నా అనాలి. రెండుసార్లు వద్దన్నాక మూడోసారి పెడతారు, అప్పుడు పళ్ళెం ముందుకి జరపాలి. పసిపిల్లలకి మాటలతో పాటే వస్తుంది ఈ విద్య. నేను అమ్మ వంక చూస్తున్నాను, ఇప్పుడు అడుగుతుంది, ఇదిగో ఇప్పుడు, అని. మామ కూడా చెయ్యి దించకుండా చూస్తున్నాడు.

అమ్మ కూర దించింది. "లెకీ, గిన్నె తీసుకెళ్ళు. చల్లారిపోతుంది," అంది.

ఆ రోజు అతిథుల్ని హోటల్లో దింపి ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"మూడోసారి అడగడానికి నోరు రాలేదా నీకు? ఊరంతా వినబడేలా అరుస్తావే!"

"రెండుసార్లు అడిగాను. వద్దన్నాడు."

"మర్యాదకి అన్నాడమ్మా!"

"నీకెలా తెలుసు? అన్నమైతే పదిసార్లు అడుగుతాను, పళ్ళెంలో కుమ్మరిస్తాను. ఇది అన్నమా?" అంది. "నిజంగానే వద్దనుకున్నాడేమో. మళ్ళీ అడిగి, మళ్ళీ వద్దంటే నేనేం కావాలి?"

అమ్మ అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

నవంబరులో ఆఖరి ట్రిప్పు. కలకత్తా నుంచి ఏడుగురు. చెవుల మీదికి టోపీలు లాక్కుని, సంచుల నిండా మరమరాలతో దిగారు. వాళ్ళకి పెద్ద శర్బాణీదీదీ. రిటైరైన జాగ్రఫీ టీచరు. నేను నది పేరు చెప్పేలోపు ఆవిడ అది ఎక్కడ పుట్టి ఎక్కడ బ్రహ్మపుత్రలో కలుస్తుందో చెప్పేస్తుంది. ఆవిడ మరిది నిఖిలేశ్ బాబుకి మాత్రం ఏ కోటకి వెళ్ళినా ఒకటే అనుమానం, అంత మంది భిక్షువులకి మరుగుదొడ్లు ఎక్కడ అని.

మర్నాడు పొద్దున్న మేం బయల్దేరేసరికి రోడ్డు పక్కన అమ్మ నిలబడి ఉంది. చేతిలో మూట, మెడలో జపమాల.

"బుమ్‌థాంగ్ గుళ్ళు చూడలేదు నేను," అంది నన్ను చూడకుండా. "ఖాళీ సీటుందా లేదా?"

"ఎప్పుడూ లేనిది యాత్రేంటి నీకు?"

"పుణ్యం నీ ఒక్కదానికేనా?"

తెంపా మామ దిగి మూట అందుకున్నాడు. శర్బాణీదీదీ జరిగి అమ్మకి చోటిచ్చి, చేతిలో గుప్పెడు మరమరాలు పోసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. దొచులా కనుమ దాటేసరికి మాత్రం ఒకరి మోచేతిని ఒకరు పొడుచుకుని నవ్వుకుంటున్నారు.

పునాఖా కోట దగ్గర డ్రైవర్లెవరూ లోపలికి రారు. బండ్ల దగ్గరే వక్కాకు నములుతూ ఉంటారు. ఆ రోజు అమ్మ వంతెన మీద ఆగి వెనక్కి తిరిగింది.

"మీరు రారా?"

"ఎన్ని ట్రిప్పులో తెచ్చాను గానీ లోపలికెళ్ళింది ఎన్నడో," అన్నాడు మామ.

"మరి రండి."

కోటలోకి వెళ్ళాలంటే మగవాళ్ళు భుజం మీంచి పెద్ద తెల్ల కండువా వేసుకోవాలి. ఆ మడతలు ఒక పద్ధతిలో పడాలి, లేకపోతే గుమ్మంలో పోలీసు ఆపుతాడు. మామ సీటు కిందనుంచి తన కండువా తీసి వేసుకుంటే అది ఎటుపడితే అటు జారిపోతోంది. అమ్మ చూసి చూసి, "చిన్నపిల్లాడిలా ఏంటండీ అది," అంటూ దగ్గరికెళ్ళి, విప్పి, దులిపి, మళ్ళీ మొదటినుంచీ వేసింది. అంచు లోపలికి దోపేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

నేను రెండు నదులు కలిసే చోటు చూపిస్తూ ఒకటి తండ్రినది, ఒకటి తల్లినది అని మొదలుపెట్టాను. ఎవరూ వినడం లేదు. ఏడుగురూ నదులకి వీపు పెట్టి అటే చూస్తున్నారు.

"మీ అమ్మా నాన్నా ఎంత ముచ్చటగా ఉన్నారో!" అంది శర్బాణీదీదీ.

"ఆయన మా నాన్న కాదు దీదీ."

"కాదా? మరెవరు?"

చెప్పాను. చెప్పకూడదనుకుంటూనే మొత్తం చెప్పేశాను, గది ఖాళీగా ఉండటం నుంచి కూర చల్లారిపోవడం దాకా. నిఖిలేశ్ బాబు ఆ రోజు మరుగుదొడ్ల మాటే ఎత్తలేదు.

ఇక అక్కణ్ణుంచి నా టూరు చెడిపోయింది. గోడమీది చిత్రాల గురించి చెబుతుంటే, "అవన్నీ తర్వాత, ఈరోజు ఆయన ఏమన్నా మాట్లాడాడా?" అని అడుగుతారు. ముందు సీటు నాది. దాన్ని ఖాళీ చేయించి, కొండదారిలో కళ్ళు తిరుగుతాయని వంక పెట్టి అమ్మని అక్కడ కూర్చోబెట్టారు. వెనక సీట్లో నాకు నిజంగానే కళ్ళు తిరిగాయి.

పేలేలా కనుమ మీద అందరూ జడల బర్రెల్ని ఫొటోలు తీస్తుంటే నేను మామని బండి వెనక్కి లాక్కెళ్ళాను.

"మామా, అమ్మ ఉండమంటే వద్దన్నారెందుకు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఒక ఆడమనిషి ఇంటికి రమ్మంటే మొదటిమాటకే సరే అంటారా అమ్మాయ్? తిండికి మొహం వాచినవాడిలా?"

"మరి ఉండాలనుందా?"

"మూడోసారి అడుగుతుందనుకున్నా," అన్నాడు. "అడగలేదు. ఓహో, పెద్దమనిషి కదా, మాటవరసకి అన్నట్టుంది అనుకున్నా."

"ఇప్పుడు మీరే చెప్పొచ్చుగా!"

"ఇప్పుడెలా? మా అక్కకి మాటిచ్చేశాను. వస్తున్నానని ఫోన్ చేస్తే ఏడ్చింది. మోకాళ్ళు వంగవు పాపం ఆమెకి. అలాగే దేక్కుంటూ గదికి మట్టి పూసిందట, నా కోసం మిరపకాయలు ఎండబెట్టిందట. ఇప్పుడు రానంటే చస్తుంది. నేనే పెద్ద వెధవని." కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది.

త్రోంగ్సా కోట లోయకి అవతల కొండ మీద ఎంతో ముందునుంచే కనిపిస్తుంది, రోడ్డు మాత్రం చుట్టూ తిరిగి తిరిగి వెళుతుంది. సాయంత్రం అతిథిగృహంలో అమ్మ కాళ్ళు పిసుకుతూ మామ చెప్పిందంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నిజంగానే ఉండాలనుకున్నాడా?" అంది.

"అవునమ్మా."

కాళ్ళు ముడుచుకుని జపమాల అందుకుంది. తర్వాత, "ఆ అక్కగారికి మోకాళ్ళు రెండూ నొప్పులేనా, ఒకటేనా?" అని అడిగింది. నాకు చిరాకేసింది. ఎవరి మోకాళ్ళ గోల ఇప్పుడు?

బుమ్‌థాంగ్‌లో ఆఖరి రోజు. జంబే గుడి, కుర్జే గుడి అయ్యాక మధ్యాహ్నం తామ్‌షింగ్ ఆరామానికి తీసుకెళ్ళాను. ఆ గుడి కట్టిన మహానుభావుడు తన చేతుల్తో అల్లాడని చెప్పే ఇనపగొలుసుల చొక్కా ఒకటి ఉంటుందక్కడ. దాన్ని వీపున వేసుకుని గర్భగుడి చుట్టూ మూడుసార్లు తిరిగితే పాపాలు పోతాయి. మంచి వయసులో ఉన్నవాళ్ళే రెండో చుట్టుకి రొప్పుతారు. నిఖిలేశ్ బాబు చేత్తో ఎత్తి చూసి, "నా పాపాలు నా దగ్గరే ఉండనీ," అని మెల్లగా కింద పెట్టేశాడు.

అమ్మ ముందుకొచ్చింది. "నాకెయ్యండి."

"నడుం విరుగుతుంది," అన్నాను.

"నా నడుం నా ఇష్టం."

భిక్షువు ఎత్తి భుజాల మీద వేశాడు. అమ్మ ఒక్కసారి కుంగి, నిలదొక్కుకుని నడిచింది. గర్భగుడి చుట్టూ ఇరుకు దారి, చీకటి, గోడల నిండా పాత బొమ్మలు. నేను టార్చి పట్టుకుని వెనకాల బెంగాలీలకి ఆ బొమ్మల కథ చెబుతున్నాను. మొదటి చుట్టు అమ్మ గట్టిగా మంత్రం చదువుకుంటూ తిరిగింది. రెండో చుట్టుకి మంత్రం ఆగి ఊపిరి ఒక్కటే వినిపించింది. అప్పుడు తెంపా మామ మమ్మల్నందర్నీ దాటుకుని వెళ్ళాడు. అమ్మ వెనకాల నడుస్తూ రెండు చేతులూ ఆ గొలుసుల కింద పెట్టి పైకి లేపి పట్టుకున్నాడు.

"వదలండి," అంది అమ్మ వెనక్కి తిరక్కుండానే. "నా పాపాలు నన్ను మొయ్యనివ్వండి."

"సగం నావనుకోండి."

"మీరేం పాపాలు చేశారు?"

"రెండుసార్లు వద్దన్నాను కదా."

అమ్మ ఆగింది. వెనక మేమంతా ఒకరికొకరం గుద్దుకుని ఆగాం. శర్బాణీదీదీ నా చెయ్యి గట్టిగా నొక్కింది. అమ్మ మళ్ళీ నడిచింది, ఈసారి ఆయన అడుగు అందుకునేలా నెమ్మదిగా. మూడో చుట్టు ఇద్దరూ ఒకే అడుగుతో పూర్తి చేశారు.

చొక్కా దించాక అమ్మ గుమ్మంలో కూర్చుని చెమట తుడుచుకుంది. "లెకీ, వాళ్ళ ఊరికి ఇక్కణ్ణుంచి బస్సులో ఎంతసేపు?"

"రెండు రోజులు."

"అంతేనా?" అంది.

మర్నాడు పొద్దున్నే మామ తూర్పుకెళ్ళే బస్సెక్కాలి. మా బండి వెనక్కి తీసుకెళ్ళడానికి కంపెనీ పంపిన వేరే డ్రైవరొచ్చాడు. మేం పారో వెళ్ళే చిన్న విమానం మధ్యాహ్నానికి. అయినా ఏడుగురు బెంగాలీలూ చలిలో వణుకుతూ బస్టాండుకి వచ్చారు మామని సాగనంపడానికి. నిఖిలేశ్ బాబు తన ఉన్ని టోపీ తీసి మామ తలకి తొడిగాడు. అమ్మ మాత్రం రాలేదు. హోటల్లో మూట కట్టుకుంటున్నానంది. ఆఖరి నిమిషంలో కూడా ఇంత పొగరా అని తిట్టుకుంటున్నాను. మామ అందరికీ దణ్ణాలు పెడుతున్నాడు, హోటల్ దారివైపు చూస్తున్నాడు, మళ్ళీ దణ్ణాలు పెడుతున్నాడు.

డ్రైవరు హారను కొట్టాడు. అప్పుడొచ్చింది అమ్మ, ఆ పండగ కిరాలో, మూట నెత్తిన పెట్టుకుని. తిన్నగా బస్సు మెట్టెక్కింది. లోపలికి తొంగి చూసి, "మీ సీటు ఏది?" అని మామని అడిగింది.

"ఎక్కడికండీ?" అన్నాడు మామ.

"మీ ఊరు. మీ అక్క మోకాళ్ళకి కాపడం పెట్టేవాళ్ళు ఉండాలి కదా. మా గది ఎక్కడికీ పోదులెండి. మొదట మీ గది చూద్దాం."

మామ టిక్కెట్ల కిటికీవైపు పరిగెత్తాడు. మసక కళ్ళ మనిషి, తొడుక్కున్న గో అంగీని మోకాళ్ళపైకి ఎగదోసుకుని, బెంగాలీ టోపీతో, బస్టాండంతా చూస్తుండగా పరిగెత్తాడు.

నేను అమ్మ కూర్చున్న బస్సు కిటికీ దగ్గరికెళ్ళాను. "అమ్మా, ఆడవాళ్ళెక్కడైనా మగవాళ్ళింటికి వెళతారా? ఊళ్ళో ఏమంటారు?"

"ఏమన్నా అనుకోనీ."

"మరి ఇల్లు?"

"ఇల్లు నీదేనే పిచ్చిదానా. ఎప్పటికైనా నీదే. కాస్త ముందు ఇస్తున్నాను." చెయ్యి బయటికి పెట్టి నా చెంప తుడిచింది. తుడిచేదాకా ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. "పక్కింటి వాళ్ళకి చెప్పొచ్చాను, నువ్వెళ్ళేదాకా ఆవుని చూస్తారు. నువ్వు పిండేటప్పుడు ముందు చేతులు వెచ్చబెట్టుకో. చల్లటి చేత్తో ముట్టుకుంటే తన్నుతుంది."

"ఎప్పుడొస్తావు?"

"నాట్లకి వస్తాంలే," అంది. వస్తాం అంది.

మామ టిక్కెట్టుతో ఎక్కగానే బస్సు కదిలింది. నాకు సంతోషంగా ఉంది, కోపంగా ఉంది. ఏం చెయ్యాలో తెలియక చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాను. మా దేశంలో ఏ తల్లీ కూతుర్ని అత్తారింటికి పంపదు. అందుకని ఇలాంటప్పుడు ఎలా ఏడవాలో, ఏం చెప్పి పంపాలో మాకెవరూ నేర్పలేదు. శర్బాణీదీదీ వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"ఏడు, ఫర్వాలేదు. పిల్లని పంపేటప్పుడు మేమూ ఇంతే," అంది.

అంటూనే ఆవిడ మెడ ఎత్తి, నోట్లో నాలుక ఆడిస్తూ ఉలూలూలూ అని కూత పెట్టింది. మిగతా ఆడవాళ్ళూ అందుకున్నారు. వాళ్ళ పెళ్ళిళ్ళలో అలా కూస్తారట. నాకప్పుడు తెలియదు. బస్టాండులో కుక్కలు లేచి మొరిగాయి, టీ కొట్టులో మనుషులు గ్లాసులతో బయటికొచ్చారు, బస్సు కిటికీల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. అందరి మధ్యా మా అమ్మ, పారో లోయ మొత్తానికీ వినబడే గొంతున్న మా అమ్మ, సిగ్గుతో రెండు చేతులా మొహం కప్పుకుంది. నేనూ మెడ ఎత్తి, రాకపోయినా, వాళ్ళతో కలిపి కూశాను.